బాల్కన్ మ్యాప్‌లో కొట్టివేతలు

ఆగ్నేయ యూరప్‌లోని బాల్కన్ దేశాల ట్రిప్‌కి మొదట రాసుకున్న ప్లాన్‌లో 10 రోజులకు 6 దేశాలు! చదువుతుంటేనే ఆయాసమొచ్చింది. నిన్న రాత్రి కూర్చుని క్రొయేషియాలోని డుబ్రోవ్నిక్, మాంటెనెగ్రోలోని కోటోర్ అనే తీర పట్టణాలు కొట్టేశాను. క్రూజ్ ఓడలు దింపే జనంలో తోసుకుంటూ తిరిగే ఓపిక లేదు. కొసొవో నుంచి సెర్బియాలోకి వెళ్దామనుకున్నా గానీ, ఆ బోర్డర్‌లో పాస్‌పోర్ట్ స్టాంపుల గొడవ చదివాక అదీ మానేశాను.

ఇక మిగిలినవి మాంటెనెగ్రో, అల్బేనియా, ఉత్తర మాసిడోనియా. మాంటెనెగ్రో కొండల్లోని జబ్ల్యాక్ ఊళ్లో నాలుగు రాత్రులు. 1,450 మీటర్ల ఎత్తు కదా, స్వెట్టర్ తప్పదు. తర్వాత అల్బేనియాలో కోమన్ సరస్సు ఫెర్రీ. మన కారునీ ఎక్కించుకుని, నిట్టనిలువు కొండల మధ్య నుంచి రెండు మూడు గంటలు తాపీగా పోతుందది. ఫోటోలు చూసి చూసి ఫోన్ ఛార్జింగే అయిపోయింది. చివర్లో ఉత్తర మాసిడోనియాలోని ఓహ్రిడ్ సరస్సు ఒడ్డున ఏ పనీ పెట్టుకోలేదు.

ఒక్కటే టెన్షన్: అద్దె కారుని బోర్డర్ దాటించాలంటే గ్రీన్ కార్డ్ ఇన్సూరెన్స్ (వేరే దేశంలోనూ చెల్లే వాహన బీమా) కావాలి. పొద్దున్నే కారు అద్దెకిచ్చేవాళ్లకి ఫోన్ చేసి అడగాలి.