సోరియాసిస్‌కు లైటు: పుస్తకంలో ఏం రాయించుకోవాలి

పొలుసులు లేచే చర్మజబ్బు సోరియాసిస్‌కు యూవీబీ లైటు అనగానే మన దగ్గర చాలామంది క్యాన్సర్‌కు పెట్టే కరెంటే అనుకొని జంకుతారు. దానికీ దీనికీ పోలిక లేదు. ఇందులో వాడేది 311 నానోమీటర్ల అతినీలలోహిత కాంతి, చర్మం పైపొరలు దాటి లోపలికి పోదు. వారానికి మూడుసార్లు, రోజు విడిచి రోజు పెట్టించుకోవాలి. తగ్గడానికి మామూలుగా 20 నుంచి 30 సిట్టింగులు పడతాయి. ములుగు, నర్సంపేట నుంచి బస్సెక్కి వచ్చేవాళ్లకు అసలు కష్టం ఇదే.

మన రంగు చర్మానికి చదరపు సెంటీమీటరుకు సుమారు 300 మిల్లీజౌల్స్‌తో మొదలుపెట్టి, ఎర్రబడకపోతే ప్రతిసారి 10-20 శాతం పెంచుతారు. ఆస్పత్రి పుస్తకంలో ఈ డోసు అంకె పడాలి. కొందరు 'రెండున్నర నిమిషాలు' అని రాసి పంపుతారు, అది దేనికీ పనికిరాదు. లైటు ట్యూబులు పాతబడి చదరపు సెంటీమీటరుకు 2 మిల్లీవాట్లే ఇస్తుంటే 300కు 150 సెకన్లు కావాలి. కొత్తవి వేశాక 5 ఇస్తే అవే 150 సెకన్లలో 750 పడుతుంది, ఒళ్లు కాలుతుంది. ఆ మంట కూడా అప్పుడే తెలియదు, 8 నుంచి 24 గంటల్లో బయటపడుతుంది. లేత ఎరుపు మరునాటికి పోతే డోసు పెంచకుండా సాగించవచ్చు. నొప్పో బొబ్బో వస్తే మానేదాకా ఆపాల్సిందే.

లైటు పెట్టె లోపలికి పోయేముందు మందపు పొలుసుల మీద కొబ్బరినూనె పలుచగా రాస్తే కాంతి బాగా దిగుతుంది. సాలిసిలిక్ యాసిడ్ మందు, దట్టంగా వ్యాసిలిన్ పూసుకొస్తే అవే కాంతిని అడ్డుకుంటాయి. లైటు నుంచి కాపాడే కళ్లద్దాలు లోపల తీయొద్దు. లోదుస్తులు ప్రతిసారి ఒకే కొలతవి వేసుకోవాలి. ఓ రోజు పొట్టిది వేసుకొస్తే, అప్పటిదాకా లైటు తగలని తొడ చర్మం మీద ఒక్కసారే పెద్ద డోసు పడుతుంది.

మిర్చి ఏరే రోజుల్లో గ్యాప్ రావడం మామూలే. వారంలోపైతే పాత డోసే. రెండు వారాల్లోపైతే పావు వంతు, మూడు వారాల్లోపైతే సగం తగ్గిస్తారు. మూడు వారాలు దాటితే మళ్లీ మొదటి నుంచే. లైటు పెట్టించుకున్న రోజు మధ్యాహ్నం చేనుకు పోవద్దు, ఎండ డోసు దీనికి తోడవుతుంది. పైగా కాలిన చోటే కొత్త మచ్చలు లేచే గుణం ఈ జబ్బుకు ఉన్నది.

తలలో జుట్టు అడ్డం కాబట్టి లైటు పనిచేయదు, అక్కడ ఎక్కువగా పూతమందులే దిక్కు. మధ్యలో జ్వరానికో మొటిమలకో ఎవరైనా డాక్సీసైక్లిన్ (కాంతికి చర్మం తొందరగా కందేలా చేసే యాంటీబయాటిక్) రాస్తే, లైటు నడుస్తున్నదని ముందే చెప్పాలి.