కంప్యూటర్ అద్దాలు చేయించుకునే ముందు టేపుతో ఒక కొలత

నలభై దాటాక ఫోను కాస్త దూరం జరిపితేనే అక్షరాలు కనిపిస్తున్నాయంటే చత్వారం మొదలైనట్టే. కంట్లోని కటకం గట్టిపడి, దగ్గరి వస్తువుకు తగ్గట్టు మారే గుణం తగ్గిపోతుంది. అప్పుడు రాసిచ్చే రీడింగ్ పవర్ సాధారణంగా 40 సెంటీమీటర్లకు, అంటే పుస్తకం పట్టుకునే దూరానికి లెక్కగట్టినది. మానిటరు ఉండేదేమో 60 నుంచి 75 సెంటీమీటర్ల దూరాన. చిక్కంతా ఇక్కడే.

దూరపు చూపు బాగానే ఉన్నవారి సంగతి చూద్దాం. 100ను ప్లస్ పవర్‌తో భాగిస్తే ఆ అద్దంలోంచి ఎన్ని సెంటీమీటర్ల వరకు స్పష్టంగా కనిపిస్తుందో తెలుస్తుంది. +2.00 అయితే 50. కాబట్టి 65 దగ్గరున్న తెర మసకే. మనిషి తెలియకుండానే ముందుకు వంగుతాడు, సాయంత్రానికి మెడ పట్టేస్తుంది. అదే +1.00 పెడితే హద్దు మీటరుకు జరుగుతుంది. అందుకే కంప్యూటర్ పవర్‌ను రీడింగ్ యాడ్‌లో (దగ్గరి చూపు కోసం దూరపు పవర్ మీద కలిపే ప్లస్ పవర్) సుమారు సగంతో మొదలుపెట్టి, ట్రయల్ ఫ్రేములో (పరీక్షలో అద్దాలు మార్చి మార్చి పెట్టి చూసే ఫ్రేము) సరిచూసుకోవాలి.

దూరానికి పవర్ ఉన్నవారికి ఆ సగాన్ని దూరపు పవర్‌కు కలుపుతారు. దూరానికి −2.00, యాడ్ +1.50 అనుకుంటే కంప్యూటర్‌కు −1.25. సిలిండర్ (కంటి వంపులోని తేడాను సరిదిద్దే పవర్), యాక్సిస్ (దాని కోణం) మారవు. రెండు కళ్లకూ −1.50 ఉండి, సిలిండర్ లేనివారు 65 సెంటీమీటర్ల దగ్గరున్న తెరను కళ్లజోడు తీసేసే చూడొచ్చు. వారికి కొత్త జోడు ఖర్చే అక్కర్లేదు.

పరీక్షకు వెళ్లేముందు ఎప్పుడూ కూర్చునే తీరులోనే కూర్చుని, కంటి నుంచి తెరకు, కీబోర్డు పక్కన పెట్టే కాగితాలకు ఎంత దూరమో టేపుతో కొలిపించి రాసుకోండి. తెర పై అంచు కంటికి పైన ఉందో కిందో కూడా రాయండి. ఈ చీటీ లేకపోతే ఆప్టోమెట్రిస్టు ఊహించాల్సి వస్తుంది.

రోజంతా తెర ముందే ఉండేవారికి నా ఓటు సింగిల్ విజన్ కంప్యూటర్ జోడుకే. ధర తక్కువ, అద్దమంతా ఒకే పవర్. తెరతో పాటు కాగితాలూ చూడాలంటే ఆఫీస్ లెన్స్ మేలు. అందులో మధ్యదూరపు భాగం వెడల్పుగా ఉంటుంది. ఈ రెండూ పెట్టుకుని బండి మాత్రం నడపొద్దు.

ప్రోగ్రెసివ్‌లో (పైన దూరానికి, కింద దగ్గరికి పవర్ క్రమంగా మారే అద్దం) తెరకు పనికొచ్చే భాగం సన్నని దారి. పక్కలకు చూస్తే వంకర, మసక. యాడ్ పెరిగేకొద్దీ ఆ దారి ఇంకా ఇరుకవుతుంది. పైగా అది అద్దం మధ్య నుంచి కిందికి ఉంటుంది కనుక, తెర ఎత్తులో ఉంటే గడ్డం పైకెత్తక తప్పదు. ఉన్న ప్రోగ్రెసివ్‌తోనే నెట్టుకురావాలంటే ముందు మానిటరును కిందికి దించి, కాస్త వెనక్కి వాల్చి చూడండి.

బ్లూ కట్ (నీలి కాంతిని కొంత ఆపే అద్దం) కోసం అదనంగా డబ్బు పెట్టనక్కర్లేదు. తెర చూసినప్పటి కంటి అలసటను అది తగ్గిస్తుందనడానికి గట్టి ఆధారం లేదని వైద్య పరిశోధనలను కలిపి పరిశీలించే కోక్రేన్ సంస్థ 2023 సమీక్ష తేల్చింది. కళ్ల మంటకు ఎక్కువగా కారణం తెర చూస్తూ రెప్ప వేయడం తగ్గి కన్ను ఆరిపోవడమే. ఆ డబ్బు మంచి యాంటీ రిఫ్లెక్షన్ కోటింగ్‌కు పెడితే ట్యూబ్‌లైటు మెరుపైనా తగ్గుతుంది.

ప్రోగ్రెసివ్ తీసుకునేటప్పుడు అద్దం మీది రంగు గుర్తులు తుడవకముందే జోడు పెట్టుకుని ముఖం చూసుకునే అద్దంలో చూసుకోండి. ఫిట్టింగ్ క్రాస్ (ఆ గుర్తుల్లోని ప్లస్ ఆకారపు గుర్తు) సరిగ్గా కంటిపాప మధ్యకు రావాలి. రెండు మిల్లీమీటర్లు కిందికి జారినా తెర చూడటానికి తల ఇంకా పైకెత్తాలి. ఇప్పటికే తుడిచేసి ఉంటే? ప్రతి అద్దంలో 34 మిల్లీమీటర్ల ఎడంతో రెండు సన్నని లేజర్ గుర్తులుంటాయి, కణత వైపు గుర్తు కింద యాడ్ అంకె ఉంటుంది. వాటి ఆధారంగా షాపువాళ్లు క్రాస్‌ను మళ్లీ గీయగలరు. రెండు వారాలు వాడినా అలవాటు కాకపోతే, పవర్ మార్చమనే ముందు అది గీయించి చూడండి.