ఫలశ్రుతిలో మన వాటా

మా అమ్మాయి విష్ణు సహస్రనామం మొత్తం కంఠతా పట్టింది. చివర్లో, చదివితే ఏ ఫలం వస్తుందో చెప్పే ఫలశ్రుతిలో ఒక్క శ్లోకం మాత్రం చచ్చినా చదవనంటోంది.

"వేదాంతగో బ్రాహ్మణః స్యాత్ క్షత్రియో విజయీ భవేత్, వైశ్యో ధనసమృద్ధః స్యాత్ శూద్రః సుఖమవాప్నుయాత్." బ్రాహ్మణుడికి వేదాంతం, క్షత్రియుడికి గెలుపు, వైశ్యుడికి డబ్బు, శూద్రుడికి సుఖం వస్తాయని. ఇక్కడ అమెరికాలో మా గుడిలో పోటీకి ఫలశ్రుతితో సహా అప్పజెప్పాలి. మార్కులు పోతాయన్న టెన్షన్ నాకే గానీ దానికి లేదు.

నిజానికి ఈ శ్లోకం మొదట్లో దానికి బాగా నచ్చింది. "ఈ నలుగురిలో మనం ఎవరం నాన్నా?" అని అడిగింది. ఆరో క్లాసులో ఏన్షియంట్ ఇండియా పాఠం చెప్పినప్పుడు నాలుగు వర్ణాల పిరమిడ్ బొమ్మ చూపించారట. పక్క సీటు పిల్ల తన వేలు పై అంతస్తు మీద పెట్టిందట. మనం ఎక్కడో ఇంట్లో ఎవరూ చెప్పలేదు కాబట్టి మా పిల్ల వేలు గాల్లోనే ఉండిపోయింది.

మాది వ్యవసాయ కులం. పేరు రాయను, గుంటూరు వైపు వాళ్ళకి ఎలాగూ తెలిసిపోతుంది. పొలాలూ మిల్లులూ పార్టీలూ అన్నీ మనవే అని వింటూ పెరిగాను. పాత లెక్కలో మాత్రం నాలుగో వర్ణమే. ఆ మాట నా నోటితో నా కూతురికి చెప్పడానికి చాలాసేపు నీళ్ళు నమిలాను. అది మాత్రం ఎగిరి గంతేసింది. "అయితే బెస్ట్ మనకే కదా, సుఖం!"

ఆ సంబరం ఎక్కువ కాలం నిలవలేదు. శంకరుల పేరుతో ఉన్న సహస్రనామ భాష్యం ఇంగ్లీషు అనువాదం ఎక్కడో పట్టుకుంది. సరిగ్గా ఈ శ్లోకం దగ్గర భాష్యకారుడు ఆగి మరీ చెబుతాడు. శూద్రుడికి ఆ సుఖం వినడం వల్లనే దక్కుతుంది, జపించడం వల్ల కాదు అని. యజ్ఞానికి శూద్రుడు తగడని ఒక శ్రుతివాక్యం, బ్రాహ్మణుణ్ణి ముందుంచుకుని నాలుగు వర్ణాలకీ వినిపించమనే భారతవాక్యం సాక్ష్యాలుగా ఇస్తాడు. చిత్రమేమిటంటే దీనికి ముందు శ్లోకంలోనే, రోజూ విన్నా కీర్తించినా ఏ మానవుడికైనా అశుభం రాదని ఉంది. మూలం వేయని కంచె భాష్యం వేసింది.

"నేను వినాలే గానీ చదవకూడదట. చదవకూడనిది చదివి ప్రైజ్ తెచ్చుకోనా?" అంది.

ఇలాంటప్పుడు ప్రవాస తండ్రులందరం ఒకే చెట్టు కిందకి పరిగెత్తుతాం. గీత నాలుగో అధ్యాయం, "చాతుర్వర్ణ్యం మయా సృష్టం గుణకర్మవిభాగశః". పుట్టుక ప్రసక్తే లేదమ్మా, గుణాన్ని బట్టి, పనిని బట్టి అన్నాను. మరి పద్దెనిమిదో అధ్యాయంలో శూద్రుడికి సేవ చేయడమే స్వభావం అన్నారు కదా, తరాల తరబడి అందరి స్వభావమూ ఒకటేనా అంది. వేలకు వేలు పోసి గీత క్లాసులో చేర్పించింది నేనే.

గురువు ఎవరికీ చెప్పొద్దన్న మంత్రాన్ని రామానుజులు తిరుక్కోట్టియూరులో గోపురం ఎక్కి అందరికీ వినిపించిన కథ చెప్పాను. "అందుకు నరకానికైనా పోతానన్నాడంటే రూల్ ఉన్నట్టే కదా?" అంది. ఎమ్మెస్ సుబ్బులక్ష్మి గారి మాట చెప్పినప్పుడు మాత్రం కాస్త మెత్తబడింది. దేవదాసీ కుటుంబంలో పుట్టిన మనిషి. భాష్యం లెక్కన ఆవిడ వినాల్సింది. ఇప్పుడు ఎన్ని ఇళ్ళల్లో ఆవిడ చదువుతుంటే అన్ని వర్ణాలవాళ్ళూ కాఫీ తాగుతూ వింటున్నారో!

ఆ ఊపులో మా తాతయ్య సంగతి ఎత్తాను. మాది తెనాలి వైపు. త్రిపురనేని రామస్వామి చౌదరి 1920లో 'శంబూక వధ' రాసి, తపస్సు చేసినందుకు శంబూకుడనే శూద్రుణ్ణి రాముడు చంపడమేమిటని నిలదీసిన నేల. పెళ్ళి తంతు తెలుగులో జరిపించుకోమని 'వివాహవిధి' కూడా రాశారాయన. మా తాతయ్య పెళ్ళి అదే పద్ధతిలో, పురోహితుడు లేకుండా జరిగింది. నా పెళ్ళికి మాత్రం సంస్కృతం తప్ప కుదరదని పట్టుబట్టింది నేనే, అది వేరే కథ. పిల్ల కళ్ళు మెరిశాయి. అక్కడితో ఆపితే బాగుండేది.

సాయంత్రాలు తాతయ్య అరుగు మీద కూర్చుని భారతం చదివేవాడని, మా పాలేరు కూడా వచ్చి వినేవాడని చెప్పాను. ఎక్కడ కూర్చునేవాడని అడిగింది. గొడ్లచావిడి పక్కన, నేల మీద, తువ్వాలు పరుచుకుని. ఆయన పల్లె నుంచి, అంటే ఊరి బయటి దళితవాడ నుంచి వచ్చేవాడు. ఆయన సత్తుగ్లాసు చావిడి చూరులో దోపి ఉండేది. దాన్ని ఆయనే తీసుకుని, మా అమ్మ పైనుంచి మజ్జిగ పోస్తే తాగి, కడిగి మళ్ళీ అక్కడే దోపేవాడు. పద్యాలు నాకంటే ఆయనకే బాగా వచ్చు, వినీ వినీ. శంబూకుడి పక్షాన వాదించిన మా తాతయ్యకి ఆ గ్లాసు కనబడలేదో, కనబడినా అది వేరే లెక్కో.

"శ్లోకంలో నలుగురే ఉన్నారు. మరి ఆయనకేం వస్తుంది?" అంది మా అమ్మాయి.

ముందు శ్లోకాలు నోటికి రానివ్వండి, అర్థాలు పెద్దయ్యాక వాళ్ళే తెలుసుకుంటారు అని ఇక్కడి కొత్త తల్లిదండ్రులకి చాలాసార్లు సలహా ఇచ్చాను. ఇప్పుడు ఎవరైనా అడిగితే ఏం చెప్పాలో తెలియడం లేదు. అర్థం చెప్పకపోతే మోసం, చెబితే ఇదిగో ఇలా. భాష్యం మమ్మల్ని కింద కూర్చోబెట్టిందని నాకు రోషం వచ్చింది గానీ, ఆ గ్లాసు గుర్తొచ్చి ఇన్నేళ్ళలో ఒక్క రాత్రి నిద్ర చెడలేదు.

2023లో కాలిఫోర్నియాలో కుల వివక్ష బిల్లు వచ్చినప్పుడు అందరికంటే ఎక్కువ టైప్ చేసింది నేను. ఇక్కడ కులమెక్కడుంది, మన పిల్లలకి లేనిపోని మచ్చ అని. అక్టోబరులో గవర్నర్ వీటో చేస్తే ఊపిరి పీల్చుకున్నాను. ఆ రోజుల్లోనే మేనల్లుడి సంబంధం గురించి అక్కయ్య ఫోన్ చేస్తే నేనడిగిన మొదటి ప్రశ్న, "మనవాళ్ళేనా?"

ఆ శ్లోకం వదిలేస్తే మార్కులు కోస్తాం, పోటీలోంచి మాత్రం తీసేయం అన్నారు టీచరుగారు. పిల్ల సరేనంది. "అది శ్లోకం మానేసింది, మరి మీరు ఆ కులం వాట్సాప్ గ్రూపులోంచి ఎప్పుడు బయటికొస్తారు?" అని మా ఆవిడ అడుగుతోంది. వస్తానన్నాను. జులైలో మహాసభలు ఉన్నాయి. రిజిస్ట్రేషన్ డబ్బులు ముందే కట్టేశాను, వాపసు ఇవ్వరట.