నిమజ్జనం అయ్యాక తాళం పడే గది

హైదరాబాద్‌లో యువజన సంఘం లేని బస్తీ దాదాపు ఉండదు. అంబర్‌పేట, ముషీరాబాద్, అడ్డగుట్ట, బోరబండ, ఏ వైపు వెళ్లినా గల్లీ మొదట్లో కరెంటు స్తంభానికి కట్టిన ఫ్లెక్సీ మీద సంఘం పేరు, దాని కింద అధ్యక్షుడి నుంచి సహాయ కార్యదర్శి దాకా అందరి ఫొటోలు కనిపిస్తాయి. ఆ ఫొటోల్లో ఉన్నవారు సాధారణంగా పాతికేళ్లు దాటినవారే. వినాయక చవితికి ముందు చందాల కోసం ఇల్లిల్లూ తిరిగేది, మండపానికి కర్రలు మోసేది, రాత్రి విగ్రహం దగ్గర కాపలా పడుకునేది మాత్రం ఎక్కువగా ఎనిమిదో తరగతి నుంచి ఇంటర్ దాకా చదువుతున్న పిల్లలు. నిమజ్జనం అయిన మర్నాడు సంఘం గదికి తాళం పడుతుంది. మళ్లీ బోనాలకో, ఎన్నికలకో తెరుచుకుంటుంది. పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల మధ్య పిల్లలకు సంఘం నిజంగా అవసరమయ్యేది ఆ గది మూసి ఉన్న నెలల్లోనే అని నా గట్టి అభిప్రాయం.

బస్తీలో ఒకటి రెండు గదుల ఇంట్లో పెరిగే పిల్లవాడికి బడి వదిలాక ఒంటరిగా కూర్చునే చోటు ఉండదు, నలుగురితో కలిసి కూర్చునే చోటూ ఉండదు. అమ్మానాన్నలు పనుల నుంచి వచ్చేసరికి చీకటి పడుతుంది. ఆ మధ్య రెండు మూడు గంటలు పాన్‌డబ్బా దగ్గరో, మూసిన దుకాణం మెట్ల మీదో, ఫోనులోనో గడుస్తాయి. పాన్‌డబ్బా దగ్గర కూడా వాడికి అన్నలు దొరుకుతారు. పదిహేనేళ్ల వయసులో తల్లిదండ్రుల మాట కన్నా తనకంటే అయిదారేళ్లు పెద్దవాడి మాట బాగా చెవికెక్కుతుంది కాబట్టి, ఆ అన్న ఎవరన్నదే అసలు ప్రశ్న. మంచి సంఘం చేసే పనల్లా ఆ అన్న స్థానంలో బాధ్యత తెలిసిన మనిషిని ఉంచడమే.

మా బస్తీ సంఘంలో చవితి జమాఖర్చులు రాసే పనిని కొంతకాలంగా హైస్కూలు పిల్లలకు అప్పగిస్తున్నారు. ఒకసారి తొమ్మిదో తరగతి పిల్లవాడు చాప మీద రసీదు పుస్తకాలన్నీ పరుచుకుని, ఎడమవైపు జమ, కుడివైపు ఖర్చు రాసి కూడితే, పెట్టెలో డబ్బు లెక్క కన్నా నూట అరవై రూపాయలు తక్కువ వచ్చింది. కార్యదర్శి జేబులోంచి తీసి ఇవ్వబోయాడు. ‘‘అట్ల వద్దన్నా, ఎక్కడ పోయిందో తెలియాలె’’ అని ఆ పిల్లవాడు ఒప్పుకోలేదు. మళ్లీ మొదటి నుంచి ఒక్కొక్క చీటీ తీసి టిక్కు పెట్టుకుంటూ పోతే, విగ్రహం దింపినప్పుడు ట్రాలీ ఆటో వెంట వచ్చిన హమాలీకి ఇచ్చిన డబ్బు రాయలేదని తేలింది. మర్నాడు లెక్కల కాగితాలు గుడి గోడకు అంటించారు. చందా ఇచ్చిన ముసలివాళ్లు కళ్లద్దాలు సవరించుకుని వాటిని చదువుతుంటే, ఆ పిల్లవాడు పక్కనే నిలబడి అడిగినవాళ్లకల్లా జవాబు చెప్పాడు. బడిలో ఏ పరీక్షా వాడికి ఆ నిలబడటం నేర్పలేదు.

పిల్లలు ఒక చోట కూడితే ఏమవుతుందో ఈ నగరానికి కొత్తగా చెప్పనక్కరలేదు. 1901 సెప్టెంబరు 1న రావిచెట్టు రంగారావు గారి ఇంట్లో మొదలైన శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం అనే గ్రంథాలయం, తెలుగుకు ఆదరణ లేని నిజాం పాలనలో తెలుగు చదివే యువకులకు ఒక చోటు చూపింది. ఆటల విషయానికొస్తే, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత ఫుట్‌బాల్ జట్టును నాలుగో స్థానానికి, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణానికి తీసుకెళ్లిన సయ్యద్ అబ్దుల్ రహీం వృత్తిరీత్యా హైదరాబాద్‌లో బడిపంతులు. సికింద్రాబాద్ దగ్గరి అమ్ముగూడలో పెరిగిన తులసీదాస్ బలరాం ఆయన జట్టులో ఆడాడు. వసతులు తరువాతి మాట. రోజూ మైదానానికి వచ్చి నిలబడే ఒక పెద్దమనిషి ముందు ఉండాలి.

ప్రభుత్వ పథకాలు లేవని కాదు. నెహ్రూ యువ కేంద్రాలు 1972లోనే మొదలయ్యాయి. నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లోని జవహర్ బాలభవన్‌లో సంగీతం, నాట్యం, చిత్రకళ నేర్పుతారు. కానీ 2014 జాతీయ యువజన విధానం యువత అంటే 15 నుంచి 29 ఏళ్లవారని నిర్ణయించింది. పదమూడేళ్లవాడు అందులోకి రాడు. పదిహేనేళ్లవాడు వచ్చినా ఇరవై ఎనిమిదేళ్లవాడితో ఒకే వరుసలో నిలబడాలి. బాలభవన్ ఎంత మంచిదైనా బోరబండ పిల్ల రోజూ సాయంత్రం నాంపల్లి దాకా వచ్చి వెళ్లలేదు. నడిచి వెళ్లగలిగే దూరంలో ఉన్నది బస్తీ సంఘమొక్కటే.

ఆడపిల్లల సంగతి వేరుగా చెప్పాలి, ఎందుకంటే యువజన సంఘమంటే మగపిల్లల సంఘమనే అర్థం మన దగ్గర స్థిరపడిపోయింది. బతుకమ్మ తొమ్మిది రోజులూ పూలు తెప్పించడం, మైకు మాట్లాడటం, చిన్నపిల్లలను వరుసలో నిలబెట్టడం పద్నాలుగేళ్ల పిల్లలు ఎంతో నేర్పుగా చేస్తారు. సంఘం పుస్తకంలో మాత్రం వాళ్ల పేర్లుండవు. తల్లులు పంపరని అంటారు. మా దగ్గర తల్లులు అడిగినవి మూడే: ఒక అక్క ఎప్పుడూ అక్కడ ఉండాలి, చీకటి పడకముందే ముగియాలి, మరుగుదొడ్డికి గడియ ఉండాలి. వీటిలో అసాధ్యమైనది ఏముంది? ఆ మూడూ సమకూరాక పిల్లలు వచ్చారు, క్యారమ్ బోర్డు దగ్గర వంతు కోసం పోట్లాడారు కూడా.

సంఘాల్లో చెడ్డవి లేవా అంటే ఉన్నాయి. ఎన్నికలప్పుడు పిల్లలకు జెండాలిచ్చి తిప్పే సంఘాలు, పక్క గల్లీ కన్నా పెద్ద డీజే పెట్టడమే ఘనతగా చెప్పుకునేవి నేనూ చూశాను. అందుకని పిల్లలను దూరంగా ఉంచాలనడం నాకు సమ్మతం కాదు. లెక్క పిల్లలే రాసి గోడకు అంటించే చోట ఇలాంటివి చాలావరకు సాగవు.

మా వార్డు కమ్యూనిటీ హాలు పెళ్లిళ్లు, దశదినకర్మలు లేని రోజుల్లో ఖాళీగానే ఉంటుంది. దానిని వారంలో నాలుగు సాయంత్రాలు పిల్లలకు ఇవ్వాలని అర్జీ పెట్టాం. అందులో మొదటి సంతకాలు పిల్లలవే. ఇంటర్ పిల్లలు కాలేజీ నుంచి వచ్చేసరికి రాత్రవుతుంది కనుక వాళ్ల కోసం ఆదివారం కూడా అడిగాం. లెక్కలు చెప్పడానికి ఇంజినీరింగ్ చదువుతున్న పక్కింటి అమ్మాయి ఒప్పుకుంది. వాలీబాల్ నేర్పేవారు ఇంకా దొరకలేదు. ముషీరాబాద్ చుట్టుపక్కల ఉండి, వారానికి రెండు సాయంత్రాలు తప్పకుండా రాగలిగినవారు ఎవరైనా ఉంటే ముందుకు రావాలని కోరుతున్నాను. గొప్ప ఆటగాళ్లు కానక్కరలేదు, వస్తానన్న రోజు వస్తే చాలు.