గోపాల్‌పూర్ ఆకాశం మళ్ళీ చెడింది, కానీ ఈసారి ఒక ఆచూకీ దొరికింది

ఒడిశా తీరంలోని గోపాల్‌పూర్‌లో నీటిరంగులతో సముద్రతీరం గీస్తున్నాను, ఇది వరసగా నాలుగో ఆదివారం. పడవలు బాగా కుదిరాయి, పాత రేవు గోడలు ఇరవై నిమిషాల్లో పెన్నుతో అయిపోయాయి. ఆకాశం మాత్రం ఈసారీ చెడింది. బరంపురం నుంచి పదహారు కిలోమీటర్లు బస్సులో వచ్చి, మూడు కాగితాలు పాడుచేసుకుని వెళ్తుంటే ఏడుపొచ్చింది.

జరిగింది ఇది. కాగితం 18×26 సెంటీమీటర్లు, 300 జీఎస్ఎమ్ మందం, పూర్తి కాటన్. అల్ట్రామెరీన్ నీలంలో చిటికెడు బర్న్ట్ సియన్నా గోధుమరంగు కలిపి పెద్ద వాష్ (నీళ్ళగా పరిచే రంగు పూత) వేశాను. ఫిబ్రవరిలో ఇదే చోట ఇదే వాష్ ఆరు నిమిషాల్లో మెరుపు పోయి ఆరింది. ఇప్పుడు ఎనిమిదో నిమిషంలో మబ్బు అడుగున ముదురు రంగు తాకించగానే నీళ్ళు వెనక్కి తన్ని నాలుగు సెంటీమీటర్ల కాలీఫ్లవర్ పువ్వులాంటి మరక లేచింది. రెండో కాగితానికి గడియారం చూసుకుంటూ పంతొమ్మిది నిమిషాలు ఆగాను. పైభాగం ఆరింది గానీ, కింద టేపు అంచున నిలిచిన నీరు మూడు సెంటీమీటర్లు పైకి పాకి సముద్రపు గీతని తినేసింది. మూడోదానికి బ్రష్‌ని గుడ్డకి అద్ది నీళ్ళు తగ్గించాను. మరక రాలేదు గానీ ఆకాశమంతా చారలు.

ముందు కాగితం మీద అనుమానం వచ్చింది. వానాకాలమంతా బీరువాలో ఉన్న కాగితానికి సైజింగ్ (నీటిని వెంటనే పీల్చేయకుండా పట్టించే జిగురు) చెడిపోవచ్చు, అప్పుడు తడి తగలగానే చుక్కలు తేలతాయి. కానీ అదే బ్లాకులోది ఇంట్లో ఫ్యాను కింద వేస్తే ఏడు నిమిషాల్లో శుభ్రంగా ఆరింది, ఒక్క చుక్క లేదు. రంగుల తప్పూ కాదు. నావి కామెల్ కంపెనీ ట్యూబులు, ఈ వాతావరణానికి నాకు అవే నమ్మకం. తేనె కలిపి చేసే రంగులు మన తీరంలో పాలెట్ మీదే జిగురుగా ఉండిపోతాయి, ఎంత ఖరీదైనవైనా నేను కొనను. మిగిలింది గాలి. పదిన్నరకి నా తేమ మీటరు 86 శాతం చూపించింది.

పక్కనే వల మీద నెత్తళ్ళు ఆరబోస్తున్న మామ్మ అప్పటిదాకా చూసి, "ఏటి పాపా, పేపరు ఎండబెడతన్నావా?" అంది. నా గోడు చెప్పాను. "సంద్రం గాలి మొదలైనాక ఏదీ ఎండదమ్మా. పడమటి గాలి ఉన్నప్పుడే, పొద్దెక్కకుండా పరిచేయాల. ఇసకలో చెమ్మ ఉంటాది, కింద నించీ గాలి ఆడాల" అంది. గుప్పెడు చేపలు తీసి చూపించింది: ఇసుక మీద పడినవి వేలికి అంటుకున్నాయి, ఎత్తున కట్టిన వల మీదవి గలగలమన్నాయి.

అప్పుడు నా అట్ట వంక చూశాను. ప్లైవుడ్, నాలుగు వైపులా టేపు, తిన్నగా తడి ఇసుక మీద. వెనక్కి తిప్పి చెయ్యి పెడితే చల్లగా ఉంది!

తరవాత ఆమెను కూర్చోబెట్టి గీశాను. వాళ్ళ తాత ఈ రేవులోనే ఓడెక్కి రంగం (బర్మాలోని రంగూన్) వెళ్ళాడట, తిరిగి రాలేదట. మాట్లాడుతున్నంతసేపూ చేతులు చేపల్లోనే ఉన్నాయి. ఆ చేతుల స్కెచ్ ఈ నెలలో నాకు నచ్చిన ఒక్క బొమ్మ.

నిన్న మళ్ళీ వెళ్ళాను. ఎనిమిదింటికి గాలి ఊరివైపు నుంచి వస్తోంది, మీటరు 71. అట్టని ట్రైపాడ్ మీదకి ఎత్తి, టేపు మానేసి పై మూలలు రెండే క్లిప్పులతో పట్టించాను. పదకొండు నిమిషాల్లో ఆరింది. అంచున బొటనవేలి గోరంత మరక ఇంకా వచ్చింది. కింద చేరిన నీటి బొట్టుని పిండిన బ్రష్‌తో తీసేయకపోవడం వల్లేమో, లేదా అట్ట వాలు ఎక్కువైందేమో. నేను పదిహేను డిగ్రీలు పెడుతున్నాను. వచ్చేసారి ఎనిమిది, పది, పదిహేను, మూడూ ఒకే పొద్దున వేసి చూడాలి.

జనవరిలో మలేషియాలోని పెనాంగ్ వెళ్తున్నాం. అక్కడ చ్యూ జెట్టీలో నీటి మీద గుంజలపై నిలబెట్టిన ఇళ్ళు గీయాలని రెండేళ్ళ కోరిక. అదీ సముద్రపు గాలే కాబట్టి ఈలోపు ఈ ఆకాశం సంగతి తేలిపోవాలి. ఫిబ్రవరిలో ఋషికుల్య నది మొగ దగ్గరికి, తాబేళ్ళు గుడ్లు పెట్టే కాలానికి. దానికి చిన్న స్కెచ్‌బుక్కు, పెన్సిలు చాలు. మామ్మకి ఆ చేతుల బొమ్మ జెరాక్సు తీయించి ఇస్తానన్నాను, రేపే తీయించాలి.