కాగితపు రెక్కలు గ్యాలరీ గోడ ఎక్కేదాకా: నా అనుభవం

గ్యాలరీకి పంపాల్సిన దరఖాస్తులో "ఈ కళాకృతులను ఎందుకు ప్రదర్శించాలి?" అని ఒక గడి ఉంది. మిగతావన్నీ గబగబా నింపేశాను కానీ అక్కడ మాత్రం ఆగిపోయాను. కాగితంతో సీతాకోకచిలుకలు చేసేవాళ్లు చాలామందే ఉన్నారు. చూడ్డానికి బాగుంటాయి, ఎవరికైనా నచ్చుతాయి. నేను చూపించాలనుకున్నది ఆ అందం ఒక్కటే కాదు. ఒక సీతాకోకచిలుక కనుమరుగవుతోందంటే, చాలాసార్లు అంతకుముందే ఒక మొక్కకో, ఒక చీమకో, ఒక గడ్డినేలకో చోటు లేకుండా పోయి ఉంటుంది. అందుకే ప్రతి సీతాకోకచిలుకతో పాటు అది దేన్ని నమ్ముకుని బతుకుతుందో దాన్నీ కాగితంతోనే చేసి, రెండిటినీ ఒకే పెట్టెలో పెడతానని రాశాను. ఏదీ పెంచకుండా, తగ్గించకుండా అన్నీ అసలు సైజులోనే ఉంటాయని కూడా రాశాను. మమ్మల్ని ఒప్పించింది ఆ రెండు మాటలేనని ఆ తర్వాత క్యురేటర్ (గ్యాలరీలో ప్రదర్శనల బాధ్యత చూసేవారు) చెప్పారు.

జాతుల ఎంపిక తేలిగ్గానే అయింది. క్వీన్ అలెగ్జాండ్రా బర్డ్‌వింగ్, లార్జ్ బ్లూ, మోనార్క్, జెర్క్సీస్ బ్లూ (Xerces Blue). నాలుగింటివీ నాలుగు వేరు వేరు కష్టాలు. అందుకే ఇవి చాలనిపించింది.

కొలతల కోసం మ్యూజియంలు ఆన్‌లైన్‌లో పెట్టిన నమూనాల ఫొటోలు చూశాను. పక్కనే స్కేలు గీత ఉంటుంది కాబట్టి సైజు పక్కాగా తెలుస్తుంది. అయితే ఆ ఫొటోలన్నిట్లోనూ ముందు రెక్కల కింది అంచు ఒంటికి అడ్డంగా, తిన్నగా ఉంటుంది. ఆరబెట్టే పలక మీద సూదులతో సర్దితే వచ్చే భంగిమ అది. బతికున్న సీతాకోకచిలుక రెక్కల్ని అలా పట్టుకుని కూర్చోవడం చాలా అరుదు. కొలతలు మ్యూజియం ఫొటోల నుంచి తీసుకుని, భంగిమ మాత్రం బయట పొలాల్లో, అడవుల్లో తీసిన ఫొటోల నుంచే తీసుకున్నాను. ఒక్క జెర్క్సీస్ బ్లూకి మాత్రం మినహాయింపు ఇచ్చాను. శాన్ ఫ్రాన్సిస్కో ఇసుక దిబ్బల మీద బతికిన చిన్న నీలి సీతాకోకచిలుక అది. నగరం ఆ దిబ్బల మీదికి పాకడంతో 1940ల తొలినాళ్లకే అంతరించిపోయింది. అది వేరే జాతేనని 2021లో డీఎన్ఏ ద్వారా తేల్చింది కూడా 1928లో సేకరించిన నమూనా నుంచే. మనకు మిగిలింది సూది గుచ్చిన నమూనాలే కాబట్టి దాన్ని అదే భంగిమలో చేశాను. నాలుగు పెట్టెల్లో అదొక్కటే అలా ఎందుకుందని చూసేవాళ్లు అడగాలనే నా ఉద్దేశం.

ఎక్కువ శ్రమ పెట్టింది క్వీన్ అలెగ్జాండ్రా. ప్రపంచంలోకెల్లా పెద్ద సీతాకోకచిలుక ఇదే. పాపువా న్యూ గినీలోని ఓరో ప్రావిన్స్‌లో తప్ప ఇంకెక్కడా లేదు. ఆడదాని రెక్కలు చాస్తే 25 సెంటీమీటర్లు దాటుతుంది. ఆ సైజులో కాగితం ఊరుకోదు. మందంగా ఉన్నది తీసుకుంటే నిలబడుతుంది కానీ అట్టముక్కలా కనిపిస్తుంది. పలచనిది తీసుకుంటే కొన్నాళ్లకే కొనలు వాలిపోతాయి. పరిష్కారం అసలు రెక్కలోనే దొరికింది. సీతాకోకచిలుక రెక్క అంటే రెండు పలచని పొరలు, వాటి మధ్య గొట్టాల్లాంటి ఈనెలు. నేనూ అదే చేశాను. రెండు పలచని కోజో కాగితాలు (ఒక రకం మల్బరీ చెట్టు పీచుతో చేసే జపాన్ కాగితం) తీసుకుని, వాటి మధ్య సన్నగా మెలితిప్పిన కాగితపు పోగుల్ని ఈనెలు ఉండాల్సిన చోటే పరిచి, గోధుమ గంజి జిగురుతో అంటించి, బరువు కింద పెట్టి ఆరనిచ్చాను. పీచు దిశ ఒంటి దగ్గర నుంచి రెక్క కొనకి వెళ్లేలా కత్తిరించాను. ఆరాక చేతిలోకి తీసుకుంటే రెక్క గాల్లో నిలబడింది! వెలుతురుకి ఎదురుగా పెడితే ఈనెలు ఒక్కొక్కటీ లోపలి నుంచి కనిపించాయి. తీగ ఒక్కటీ వాడలేదు. ఆ రోజు కలిగినంత సంతోషం ప్రారంభోత్సవం రోజున కూడా కలగలేదు.

ఆడది గోధుమరంగులో ఉంటుంది కాబట్టి రంగుతో ఇబ్బంది రాలేదు. మగదానిది నీలమూ ఆకుపచ్చా కలిసిన మెరుపు. అందులో ఎక్కువ భాగం రంగు పదార్థం వల్ల వచ్చేది కాదు, రెక్క మీది పొలుసుల సూక్ష్మ నిర్మాణం కాంతిని వెనక్కి పంపే తీరు వల్ల వచ్చేది. మామూలు నీలం పూస్తే నిర్జీవంగా ఉంటుంది. అడుగున నల్లరంగు వేసి, దాని మీద అభ్రకం ఆధారంగా చేసిన మెరుపు రంగుని పలచగా, పొర మీద పొరగా వేస్తే ఆ కాంతికి కాస్త దగ్గరగా వచ్చింది.

లార్జ్ బ్లూ పెట్టెలో నాకు ముఖ్యమైనది చీమ. ఈ సీతాకోకచిలుక గొంగళిపురుగు మొదట అడవి థైమ్ అనే చిన్న సువాసన మొక్క పూలు తింటుంది. ఆ తర్వాత నేల మీదికి దిగుతుంది. మైర్మికా అనే ఎర్రచీమ దాన్ని తన పిల్లే అనుకుని పుట్టలోకి మోసుకెళ్తుంది. అక్కడ అది చీమ పిల్లల్ని తింటూ నెలల తరబడి పెరుగుతుంది. బ్రిటన్‌లో సేకరణదారుల బారిన పడకుండా దీని నేలలకు కంచెలు వేశారు. కంచె వేస్తే మేత ఆగింది. గడ్డి పెరిగింది, నేల చల్లబడింది, వెచ్చని నేల కావాల్సిన ఆ చీమ పోయింది. 1979కల్లా సీతాకోకచిలుక కూడా అక్కడ లేకుండా పోయింది. అసలు కారణం తెలిశాక గడ్డి పొట్టిగా ఉండేలా పశువుల్ని మేపి, 1980లలో స్వీడన్ నుంచి తెచ్చి మళ్లీ వదిలితే నిలదొక్కుకుంది. ఈ కథంతా ఒక్క పెట్టెలో చెప్పాలంటే చీమని వదిలేయలేను కదా! ఎర్రమట్టి రంగు కాగితంతో అర సెంటీమీటరు కూడా లేని చీమని చేసి, థైమ్ కొమ్మ మొదట్లో పెట్టాను.

గ్యాలరీ వాళ్లతో అసలు చర్చ అమరిక దగ్గర వచ్చింది. గోడ నిండా సీతాకోకచిలుకలు ఎగురుతున్నట్టు పెడితే ఫొటోలకి బాగుంటుందని డిజైనర్ అన్నారు. నేను ఒప్పుకోలేదు. "అరుదైపోయిన వాటిని గుంపుగా చూపిస్తే బోలెడు ఉన్నాయనే అనుకుంటారండీ" అన్నాను. క్యురేటర్ కాసేపు ఆలోచించి, పెట్టెకీ పెట్టెకీ మధ్య గోడ ఖాళీగా వదిలేద్దామన్నారు. ఆ ఖాళీ నా పనికి ఎంతో మేలు చేసింది.

తర్వాత వెలుతురు. కాగితం మీద చేసిన పనులకు చాలా మ్యూజియంలు వెలుతురుని 50 లక్స్ (వెలుతురుని కొలిచే ప్రమాణం) దాటనివ్వవు, ఎక్కువైతే కాగితం పసుపెక్కుతుంది, రంగులు వెలుస్తాయి. ఇక్కడా అదే నియమం. ఆ మసక వెలుతురు ఎదురుగా పడితే మగ బర్డ్‌వింగ్ నల్లగా కనిపించింది. నాకు గుండె జారిపోయింది. అక్కడి లైటింగ్ కుర్రాడు దీపాన్ని పక్క నుంచి, ఏటవాలుగా తిప్పి చూశాడు. మీటరులో అంకె మారలేదు గానీ రెక్క ఒక్కసారిగా వెలిగింది. ఈ పని చేయాలనుకునేవాళ్లకి నా సలహా ఒకటే. మెరుపు రంగులు వాడితే, లైట్లు బిగించే రోజున మీరు తప్పకుండా అక్కడ ఉండండి.

లేబుళ్లు అచ్చుకి పంపేముందు ఏ జాతికి ఎంత ముప్పుందో ఆ వివరాలు మళ్లీ సరిచూడటం కూడా అవసరమే. వలస మోనార్క్‌ని ఐయూసీఎన్ (జాతులకున్న ముప్పుని అంచనా వేసే అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంస్థ) 2022లో అంతరించే ముప్పున్నదిగా ప్రకటించి, 2023లో దానికంటే ఒక మెట్టు తక్కువ ముప్పు వర్గంలోకి మార్చింది. పాత సమాచారం ఇప్పటికీ చాలాచోట్ల తిరుగుతోంది. ముప్పు తగ్గిందంటే జనం పట్టించుకోరేమోనని ఒకరు సందేహించారు. నిజం ఏదో అదే రాద్దామన్నాను. దాని గొంగళిపురుగు మిల్క్‌వీడ్ తప్ప మరేదీ తినదు. జిల్లేడు కుటుంబానికి చెందిన మొక్కే అది. మోనార్క్ కింద ఆ ఆకునే, అంచు కొరికినట్టుగా చేసి పెట్టాను.

చూడ్డానికి వచ్చినవాళ్లలో ఎక్కువమంది మొదట అడిగింది "ఇవి నిజమైన రెక్కలా?" అనే. క్వీన్ అలెగ్జాండ్రా, ముప్పున్న జీవజాతుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందం మొదటి అనుబంధంలో ఉంది, దాని అంతర్జాతీయ వ్యాపారం నిషిద్ధం. "ఇందులో ఉన్నదంతా కాగితమే" అని లేబుల్లో మొదటి వాక్యంగా రాయించింది అందుకే. ఒక పాప మాత్రం చాలాసేపు లార్జ్ బ్లూ పెట్టె ముందే నిలబడి, "అమ్మా, ఇక్కడ చీమ ఉంది చూడు" అంది. వాళ్లమ్మ అప్పుడు లేబుల్ చదివి వినిపించింది.

ఇప్పుడు ఇంకో చోట పెట్టమని అడుగుతున్నారు. ఆ హాల్లో పడమటి వైపు పెద్ద కిటికీ ఉంది. మధ్యాహ్నం పూట లక్స్ ఎంత వస్తుందో కొలిచి పంపమన్నాను. తెరలు వేస్తామని రాతపూర్వకంగా ఇచ్చేదాకా బర్డ్‌వింగ్ జంటని పంపను. మిగతా మూడు పెట్టెలు ప్యాక్ చేసి ఉంచాను.