రెండు కనుమలు, ఒక జత చెప్పులు

రాత్రి రెండుంబావుకి అలారం మోగింది. చీకట్లో బూట్ల కోసం తడిమితే రెండు చెక్క దుంగలు తగిలాయి. కాలిఫోర్నియా కొండల్లో నడుస్తున్నాం, ముందురోజు సాయంత్రం టిండాల్ క్రీక్ అనే వాగు దాటేటప్పుడు తొడల దాకా తడిశాం. ఆ తడి బూట్లను టెంట్ బయట వదిలేసి పడుకున్నాను. నీళ్ల ఫిల్టర్‌ని మాత్రం గుర్తుపెట్టుకుని స్లీపింగ్ బ్యాగ్‌లో పెట్టుకున్నాను. అది ఒక్కసారి గడ్డకట్టిందంటే ఇక పనికిరాదు. బూట్ల సంగతే మర్చిపోయాను.

"లోపల పెట్టుకో అని చెప్పినగదన్నా" అన్నాడు వరంగల్ తమ్ముడు. వాడి బూట్లు ప్లాస్టిక్ సంచిలో చుట్టి, రాత్రంతా వాడి కాళ్ల దగ్గరే వెచ్చగా పడుకున్నాయి.

నీళ్లు కాచి సీసాలో పోసి, ఆ సీసాని ఒక్కో బూటులో దూర్చి మెత్తబడేదాకా కూర్చున్నాం. నలభై నిమిషాలు పోయాయి. ఊళ్లో అయితే నలభై నిమిషాలు ఒక లెక్కా! ఇక్కడ మాత్రం రాత్రి గట్టిపడిన మంచు మీద సిమెంటు రోడ్డు మీదలా నడిచిపోవచ్చు. ఎండెక్కాక అదే మంచు మెత్తబడి, అడుగేస్తే మోకాలి దాకా దిగబడుతుంది. తెల్లవారుజామున గంటలో నడిచే దూరం మధ్యాహ్నం మూడు గంటలు తింటుంది.

మేం నడుస్తున్న కాలిబాట పేరు పసిఫిక్ క్రెస్ట్ ట్రైల్, అమెరికాలో మెక్సికో సరిహద్దు నుంచి కెనడా దాకా 2,650 మైళ్లు. మొత్తం ఒకే విడతలో నడవాలంటే ఐదు నెలలు పడుతుంది. హెచ్1బీ వీసా మీద ఉన్నవాడు ఉద్యోగం మానేస్తే మిగిలేది 60 రోజుల గడువు. అందుకే గ్రీన్‌కార్డు వచ్చేదాకా నేను మ్యాపులు చూసుకుంటూ ఏళ్లు గడిపాను. తమ్ముడిది ఇంకా హెచ్1బీయే. సెలవు పెట్టి, దారిలో కెన్నెడీ మెడోస్ అనే చోట నాతో కలిశాడు. సోమవారం పొద్దున్నే మీటింగ్ ఉందట. వాడి కారు ముందే, కొండల్లో రోడ్డు ముగిసే ఆనియన్ వ్యాలీలో పెట్టి వచ్చాడు. అంటే ఆదివారం రాత్రికల్లా అక్కడికి చేరాలి. మధ్యలో రెండు కనుమలు, ఇరవై మైళ్ల పైచిలుకు దారి.

మొదటిది ఫారెస్టర్ పాస్. 13,153 అడుగులు, ఈ దారి మొత్తంలో ఇదే ఎత్తయిన చోటు. దక్షిణం వైపు నుంచి చూస్తే అక్కడ దారి ఉందంటే నమ్మబుద్ధి కాదు. నిలువు గోడ, పైన చిన్న గాటు. గోడని పేల్చి మెలికలు మెలికలుగా దారి తొలిచారు. ఆ పనిలో 1930లో చనిపోయిన 18 ఏళ్ల కుర్రాడి పేరున ఒక ఫలకం ఉంటుందని చదివాను. మంచు కిందే ఉందేమో, మాకు కనబడలేదు.

పైకి ఇంకాస్త దూరం ఉందనగా దారిని అడ్డంగా కోస్తూ ఒక సన్నటి మంచు జారుడు ఉంది. వెడల్పు మహా అయితే ఇరవై గజాలు. కిందికి చూడకూడదనుకుంటూనే చూశాను. బూట్లకు మైక్రోస్పైక్స్ అనే ఇనుప ముళ్ల పట్టీలు, కొండ వైపు చేతిలో ఐస్ యాక్స్ అనే మంచు గొడ్డలి. గొడ్డలి గుచ్చు, ఒక అడుగు, ఇంకో అడుగు, మళ్లీ గుచ్చు. ముందు వెళ్లినవాళ్ల అడుగుల గుంటలు గట్టిగానే ఉన్నాయి గానీ, ఎండ తగిలిన అంచులు అప్పుడే చెమ్మగిల్లుతున్నాయి. ఆ నలభై నిమిషాలు గుర్తొచ్చాయి. వెనక నుంచి తమ్ముడు "గోవిందా, గోవిందా" అంటున్నాడు, అలిపిరి మెట్లు ఎక్కుతున్నట్టు. నేను నాస్తికుణ్ణి. నా పెదాలు కూడా కదిలాయనే అనుమానం.

ఎనిమిదిన్నరకి పైన ఉన్నాం. గాలికి నిలబడలేక రెండు ఫోటోలు తీసుకుని దిగడం మొదలుపెట్టాం. ఉత్తరం వైపు కాసేపు కూర్చుని జారాం, చిన్నప్పుడు స్కూల్లో జారుడుబండ మీద జారినట్టే. ప్యాంటు వెనక చిరిగింది. పదింటికల్లా మంచు మెత్తబడింది. ఇక చూసుకోండి. పది అడుగులు బాగుంటాయి, పదకొండోది తొడదాకా దిగుతుంది. కాలు పైకి లాగితే బూటు లోపలే ఉండిపోతానంటుంది. బబ్స్ క్రీక్ పక్క అడవిలోకి వచ్చేసరికి రెండు దాటింది. అక్కడ నేల కనబడింది, ఎండిన పైన్ ఆకుల మీద అలాగే వెనక్కి వాలిపోయాం.

భోజనం కందిపొడి, ఇన్‌స్టంట్ అన్నం. ఎలుగుబంట్లు తెరవలేని ఆ ప్లాస్టిక్ డబ్బాని మొద్దుబారిన వేళ్లతో మేమూ తెరవలేకపోయాం. నెయ్యి రాయిలా ఉంది, చెంచాతో గీకి వేసుకున్నాం.

ఆ తర్వాత మళ్లీ ఎక్కుడు. బుల్‌ఫ్రాగ్ సరస్సు సగం గడ్డకట్టి నీలంగా ఉంది. ఇంకో రోజైతే గంటసేపు కూర్చునేవాణ్ణి. ఏడింటికి కీర్సార్జ్ పాస్ ఎక్కాం, 11,700 అడుగుల పైన. అమెరికా అంతర్యుద్ధంలో అలబామా అనే దక్షిణాది ఓడని 1864లో ముంచేసిన యుద్ధనౌక పేరు కీర్సార్జ్. ఇక్కడి గనుల్లో ఉత్తరాది పక్షం వాళ్లు ఆ పేరు పెట్టుకున్నారు. కింద లోయలో ఉన్న గుట్టలకి దక్షిణాది అభిమానులు అంతకుముందే అలబామా హిల్స్ అని పెట్టారు మరి! పేర్లతో పంతాలు మన ఊళ్లలోనే అనుకునేవాణ్ణి.

తూర్పు వైపు ఎప్పుడో నీడలోకి పోయింది. పొద్దుట్నుంచీ మెత్తమెత్తగా ఏడిపించిన మంచు మళ్లీ అద్దంలా బిగుసుకుంటోంది. మైక్రోస్పైక్స్ మళ్లీ తొడుక్కుని, తల లైట్లు పెట్టుకుని దిగాం. నా వేళ్లు బకిల్ బిగించలేకపోతే తమ్ముడే వంగి బిగించాడు. ఇద్దరం మాట్లాడుకోలేదు. కింద ఎక్కడో నీటి చప్పుడు, అంతే.

ఆనియన్ వ్యాలీలో కారు దగ్గరికి చేరేసరికి పావు తక్కువ పది. ఎలుగుబంట్లు తలుపులు పీకేస్తాయని అక్కడ కార్లలో తిండి ఉంచనివ్వరు. అందుకని డిక్కీలో తినడానికి ఏమీ లేదు. పొడి బట్టలూ లేవు. ఒక మూల ఒక జత హవాయి చెప్పులు మాత్రం ఉన్నాయి. వాడు నా బూట్ల వంక చూశాడు.

"చెరొకటి ఏస్కుందామన్నా" అన్నాడు. కుడిది నాకొచ్చింది.